గ్రాము బొగ్గులో పాతిక సెంట్లు

కొయ్యూరు పేరు చెబితే బయటివాళ్ళకు గుర్తొచ్చేది ఒక్కటే తేదీ, 1924 మే 7. మంపలో పట్టుబడిన అల్లూరి సీతారామరాజును ఇక్కడికి తెచ్చి కాల్చి చంపిన రోజు అది. దాని మీద పుస్తకాలున్నాయి, పాటలున్నాయి, సినిమా ఉంది. ఆ పోరాటం వెనకున్న అడవిలో మనవాళ్ళు ఏం కాల్చుకునేవారు, వాళ్ళను ఏం కాల్చనివ్వలేదు అన్న సంగతి మాత్రం తక్కువ చోట్ల కనిపిస్తుంది. మేము ఈ వ్యాసంలో ఆ కాలిన వస్తువు గురించే రాస్తున్నాం. బొగ్గు గురించి.

బొగ్గుకు కూడా చరిత్రా అని కొందరు నవ్వవచ్చు. ఏటా వేసవిలో మన మండలం నుంచి జీడి పిక్కలు బస్తాలకెత్తి దిగువకు పోతాయి. పప్పు తీశాక తొక్క మిగులుతుంది. ఆ తొక్క మన కంటికి మళ్ళీ కనబడదు. పట్నంలో ఇంటి గోడకు తగిలించిన నీళ్ళ ఫిల్టరు విప్పి చూస్తే లోపల నల్లటి గింజలుంటాయి. దాన్ని యాక్టివేటెడ్ కార్బన్ అంటారు. పాఠ్యపుస్తకం భాషలో ఉత్తేజిత కర్బనం. ఎక్కువగా కొబ్బరి చిప్పతో చేస్తారు. వరి ఊకతో, మొక్కజొన్న కండెతో, జీడి తొక్కతో కూడా చేయవచ్చని పరిశోధనలు జరిగాయి. పంట ఇంటికి తెచ్చుకున్నాక మనం పారేసే వాటితో తయారయ్యే సరుకన్నమాట. బొగ్గు కాల్చడం మన తాతలకు తెలిసిన పనే. మరి మన బొగ్గు బొగ్గుగానే ఎందుకు ఉండిపోయింది? ఈ ప్రశ్న పట్టుకునే మేము పాత సంగతులు తవ్వడం మొదలుపెట్టాం.

మన కొండల్లో బొగ్గు అనగానే ముందు చెప్పవలసింది కమ్మరి గురించి. కొండ కమ్మరి లేని రోజుల్లో నాగటి కర్రు లేదు, గొడ్డలి లేదు, బాణానికి ములికి లేదు. కట్టె మంట మీద ఇనుము ఎర్రబడుతుందేమో గానీ మెత్తబడి సుత్తికి లొంగదు. దానికి బొగ్గు కావాలి, తిత్తి కావాలి. కట్టె పేర్చి, ఆకూ మట్టీ కప్పి, చిన్న చిన్న కన్నాలు వదిలి, రోజుల తరబడి మగ్గనిచ్చి బొగ్గు తీసేవారు. గాలి తగిలితే బూడిద మిగులుతుంది, తగలకపోతే బొగ్గు మిగులుతుంది. ఈ ఒక్క ముక్కలో సగం రసాయన శాస్త్రం ఉంది. ఇవాళ ఫ్యాక్టరీల్లో జరిగే మొదటి దశ కూడా ఇదే, కాకపోతే అక్కడ మట్టి కప్పుకు బదులు ఇనుప కొలిమి ఉంటుంది.

బొగ్గు కొలిమితో ఆగిపోలేదు. పళ్ళు తోముకోవడానికి ఊక బొగ్గు. అచ్చరాలు దిద్దే పలక తెల్లబడితే దొండాకు రసంలో బొగ్గు నూరి పూయడం. బడిలో నల్లబల్లకూ అదే వైద్యం. నీళ్ళను వడకట్టడానికి ఒకదాని మీద ఒకటి కుండలు పెట్టి, ఇసుక, గులకరాళ్ళు, బొగ్గు వేసే పద్ధతిని ఉపాధ్యాయులు ఇప్పటికీ పాఠంగా చెబుతారు. బొగ్గు ఏదో పట్టుకుంటుందని, వాసనను, రంగును తనలోకి లాగుతుందని మనవాళ్ళకు చేతుల ద్వారా తెలుసు. ఎందుకు లాగుతుందో ఎవరూ అడిగి ఉండకపోవచ్చు. అడగవలసిన అవసరం కూడా రాలేదు.

నీళ్ళ మాట వచ్చింది కాబట్టి రెండు చెట్ల గురించి చెప్పాలి. మన అడవిలో చిల్ల చెట్టు ఉంది. దాని గింజను కుండ లోపలి అంచుకు అరగదీస్తే బురద నీళ్ళు కాసేపటికి తేరుకుంటాయి. వానాకాలంలో గెడ్డ నీళ్ళు ఎర్రగా వచ్చినప్పుడు పెద్దవాళ్ళు చేసే పని ఇది. చిల్లకు దగ్గరి చుట్టం ముష్టి. వృక్షశాస్త్రం రెంటినీ ఒకే ప్రజాతిలో పెడుతుంది. చిల్లగింజ నీళ్ళను తేరుస్తుంది, ముష్టి గింజ మనిషిని చంపుతుంది. ముష్టి గింజలోని విషం పేరు స్ట్రిక్‌నిన్. 1956లో విశాఖపట్నం కేంద్రంగా మొదలైన గిరిజన సహకార సంస్థ, అదే మన జీసీసీ, కొనే అటవీ సరుకుల్లో ఈ రెండు గింజలూ ఉన్నాయి. ఈ ముష్టి సంగతి కొంచెం గుర్తుంచుకోండి, మళ్ళీ వస్తుంది.

ఇక అడవి చట్టం. 1882లో మద్రాసు అటవీ చట్టం వచ్చింది. అంతకు ముందు కొండవాలులో పొదలు కొట్టి, ఎండబెట్టి, కాల్చి, ఆ బూడిదలో సామ, చోడి, కంది చల్లుకోవడం మనవాళ్ళ సేద్యం. పోడు అంటే అదే. కొత్త చట్టం అడవిని రిజర్వు అంది. అందులో చెట్టు కొట్టినా నేరమే, నిప్పు పెట్టినా నేరమే. వంటకు కట్టె, కమ్మరికి బొగ్గు, పొలానికి బూడిద ఈ మూడూ ఒకే నిప్పు నుంచి వచ్చేవి. ఆ నిప్పు మీద అధికారం చేతులు మారింది.

దీని మీద మాకొక అభిప్రాయం ఉంది. రంప తిరుగుబాటు గురించి రాసేటప్పుడు చాలామంది పోడు హక్కు దగ్గర ఆగిపోతారు. పోడు ముఖ్యమే. నర్సీపట్నం నుంచి చింతపల్లి వైపు వేసిన రోడ్డు పనిలో మనవాళ్ళ చేత చేయించిన వెట్టి ముఖ్యమే. గూడెం డిప్యూటీ తహసీల్దారు బాస్టియన్ పెట్టిన బాధలు ముఖ్యమే. ఇవన్నీ కలిసే 1922 ఆగస్టు 22న చింతపల్లి పోలీసు స్టేషను మీద దాడిగా, మర్నాడు కృష్ణదేవిపేట, ఆ మర్నాడు రాజవొమ్మంగి మీద దాడులుగా బయటపడ్డాయి. వీటితో పాటు పోయింది ఇంకొకటి ఉంది, చేతిపని. అడవి మూసుకుపోయే కొద్దీ బొగ్గు దొరకడం కష్టమైంది, దిగువ నుంచి ఫ్యాక్టరీ ఇనుము సంతకు వచ్చింది, కమ్మరి కొలిమి చల్లబడుతూ వచ్చింది. బొగ్గు కాల్చే విద్య మనకు ఎక్కువగా కమ్మరి దగ్గరే ఉంది. కొలిమి ఆరితే ఆ విద్యను ముందుకు తీసుకుపోయే మనిషి ఉండడు. భూమి పోతే పట్టా కోసం పోరాడతాం, విద్య పోతే ఏ ఆఫీసులో దరఖాస్తు పెట్టాలి?

మన దగ్గర నిప్పుకు కేసులు రాస్తున్న కాలంలోనే ప్రపంచంలో వేరేచోట బొగ్గు విలువ పెరుగుతోంది. ఆ కథ కొంచెం వెనక నుంచి చెప్పాలి.

1785లో రష్యాలో తోబియాస్ లోవిట్జ్ అనే రసాయనవేత్త మురికి రంగులో ఉన్న ద్రావణాల్లో బొగ్గుపొడి వేస్తే రంగు విరిగిపోతుందని గమనించాడు. కొన్నేళ్ళకే యూరప్ చక్కెర మిల్లులు ఆ పని అందుకున్నాయి. గోధుమరంగు చక్కెర పాకం తెల్లబడటం వెనక ఉన్నది బొగ్గే, మొదట కట్టె బొగ్గు, తర్వాత ఎముకల బొగ్గు. 1831లో టూరీ అనే ఫ్రెంచి మందుల తయారీదారు వైద్య పండితుల ముందు నిలబడి, మనిషిని చంపే మోతాదుకు ఎన్నో రెట్లు ఎక్కువ స్ట్రిక్‌నిన్‌ను బొగ్గుపొడితో కలిపి మింగి బతికి చూపించాడని వైద్య చరిత్రలో చెబుతారు. స్ట్రిక్‌నిన్ అంటే మన ముష్టి గింజ విషమే. పొట్టలోని విషాన్ని బొగ్గు పట్టేసుకుంది, రక్తంలోకి పోనివ్వలేదు. ఇవాళ ఆసుపత్రిలో కొన్ని రకాల విషాలు మింగినవాళ్ళకు నీళ్ళలో కలిపి తాగించే నల్లటి మందు ఇదే. ప్రపంచ ఆరోగ్య సంస్థ అత్యవసర మందుల జాబితాలో యాక్టివేటెడ్ చార్‌కోల్ ఉంది. యువకులకు ఒక మాట, ఇది పొయ్యి బొగ్గు కాదు. ఎవరైనా పురుగుమందు తాగితే పొయ్యిలో బొగ్గు నూరి పోస్తూ ఇంట్లో కూర్చోకూడదు. వెంటనే ఆసుపత్రికి తీసుకుపోవాలి.

అయితే పొయ్యి బొగ్గుకూ ఆ మందు బొగ్గుకూ తేడా ఏమిటి? కట్టెగానీ చిప్పగానీ కాలి బొగ్గయ్యాక అందులో సన్నని రంధ్రాలుంటాయి. వాటిలో చాలావరకు తారుతో, సగం కాలిన పదార్థంతో మూసుకుపోయి ఉంటాయి. ఆ బొగ్గును 800 నుంచి 1000 డిగ్రీల వేడిలో ఉంచి, దాని మీదుగా నీటి ఆవిరిని పోనిస్తే ఆవిరి లోపలికి దూరి, కొంత కార్బన్‌ను కొరుక్కుతింటూ, మూసుకున్న రంధ్రాలను తెరుస్తుంది, కొత్తవి తొలుస్తుంది. చెదపురుగు దుంగను తొలిచినట్టే, కంటికి కనబడనంత సన్నగా. రఫాయెల్ ఫాన్ ఆస్ట్రెయ్కో అనే ఆయన 1900, 1901 ప్రాంతంలో ఈ పద్ధతికి పేటెంట్లు తీసుకున్నాడు. రెండో దారి కూడా ఉంది. కాల్చకముందే తొక్కను జింకు క్లోరైడులోనో, ఫాస్ఫారిక్ ఆమ్లంలోనో నానబెట్టి, అంతకంటే తక్కువ వేడిలో కాల్చి, తర్వాత బాగా కడగడం. దీని గురించి మా అభ్యంతరం తర్వాత చెబుతాం.

ఇలా తెరుచుకున్న రంధ్రాల లోపలి గోడలన్నీ విప్పి నేల మీద పరిస్తే ఒక్క గ్రాముకు వెయ్యి చదరపు మీటర్ల దాకా వస్తుంది. మన లెక్కలో దాదాపు పాతిక సెంట్లు. చిటికెడు నల్లపొడిలో పాతిక సెంట్ల నేల! భూమి లెక్క మనకు ఎవరూ కొత్తగా నేర్పనక్కరలేదు కాబట్టి ఈ కొలతే బాగా అర్థమవుతుంది. రంగు, వాసన, విషం, క్లోరిన్ ఈ గోడలకు అంటుకుని ఉండిపోతాయి. స్పంజి నీళ్ళను పీల్చుకున్నట్టు పీల్చుకోవడం కాదు, గోడకు అంటుకోవడం. పై తరగతుల పుస్తకాల్లో అధిశోషణం అనే మాట వస్తుంది, అది ఇదే. గోడలన్నీ నిండిపోతే బొగ్గు పని అయిపోయినట్టే, అందుకే ఫిల్టరులో దాన్ని మార్చవలసి వస్తుంది.

దీన్ని పెద్ద ఎత్తున చేయించింది యుద్ధం. 1915 ఏప్రిల్ 22న బెల్జియంలోని ఈప్ర్ దగ్గర జర్మన్ సైన్యం క్లోరిన్ విషవాయువు వదిలింది. ఆ ఏడాదే రష్యాలో నికొలాయ్ జెలిన్‌స్కీ బొగ్గు నింపిన ముసుగు తయారు చేశాడు. 1918 నాటికి అమెరికాలో పిల్లలు, ఆడవాళ్ళు ఇంటింటా తిన్న పండ్ల టెంకలు ఏరి ప్రభుత్వానికి ఇచ్చారు. ఒక ముసుగుకు సరిపడా బొగ్గుకు 200 పీచు పండ్ల టెంకలు కావాలని అప్పటి ప్రచారం. కొబ్బరి చిప్ప అన్నిటికంటే మంచిదని తేలింది, గట్టిదనం వల్ల, లోపలి రంధ్రాలు మరీ సన్నవి కావడం వల్ల. మన పిల్లలు చింతపిక్కలు, ఇప్పపువ్వు ఏరడం చూసి వెనకబాటుతనం అనేవాళ్ళకు ఈ సంగతి చెప్పాలి. అవసరం వచ్చినప్పుడు అమెరికా కూడా టెంకలే ఏరింది.

ఇంత దూరం పోయి మళ్ళీ తెలుగు నేలకు వస్తే, ఇక్కడ కూడా పంట వ్యర్థంతో చేసిన బొగ్గుకు ఒక పాత కథ ఉంది. చాలామందికి తెలియదు. 1937లో మద్రాసు ప్రెసిడెన్సీలోని నెల్లూరు జిల్లా నుంచి వైద్యులు ఒక జబ్బును నమోదు చేశారు. పళ్ళు గారపట్టడం, నడుము బిగుసుకుపోవడం, ఎముకలు వంగిపోవడం. కారణం బావి నీళ్ళలో ఫ్లోరైడ్. ఆ ప్రాంతంలో కొంత తర్వాత ప్రకాశం జిల్లాలో కలిసింది. నల్గొండ పేరు ఫ్లోరైడ్‌తో ముడిపడటం ఇంకా తర్వాతి మాట.

నీళ్ళలోంచి ఫ్లోరైడ్ తీయడానికి మన దేశ పరిశోధకులు 1950లలో పట్టుకున్న వస్తువుల్లో వరి ఊక ఒకటి. ఊక అయితే ప్రతి మిల్లు దగ్గరా గుట్టలుగా పడి ఉంటుంది. కానీ ఊకలో ఒక చిక్కుంది. దాన్ని పూర్తిగా కాలిస్తే 15 నుంచి 20 శాతం బూడిద మిగులుతుంది, ఆ బూడిదలో ఎక్కువ భాగం సిలికా, అంటే ఇసుక జాతి పదార్థం. అది రంధ్రాలకు అడ్డం. అందుకని ఊక బొగ్గును పొటాష్ క్షారంలో ఉడికించి, తర్వాత 2 శాతం పటిక నీళ్ళలో రాత్రంతా నానబెట్టారు. ఫ్లోరైడ్‌ను పట్టుకునేది నిజానికి బొగ్గు గోడకు అంటిన ఆ పటికలోని అల్యూమినియం. పని చేసింది. బొగ్గు నిండిపోతే మళ్ళీ పటిక నీళ్ళలో నానబెడితే తిరిగి వాడుకోవచ్చు కూడా.

మరి ఎందుకు నిలవలేదు? ఒక కిలో ఊక బొగ్గు పట్టుకునే ఫ్లోరైడ్ సుమారు 320 మిల్లీగ్రాములని అప్పటి లెక్క. లీటరుకు 3 మిల్లీగ్రాముల ఫ్లోరైడ్ ఉన్న నీళ్ళను 1 మిల్లీగ్రాముకు దించాలంటే లీటరుకు 2 మిల్లీగ్రాములు తీయాలి. అంటే కిలో బొగ్గుతో 160 లీటర్లు. అయిదుగురున్న ఇంటికి తాగడానికి, వంటకు కలిపి రోజుకు పాతిక లీటర్లనుకున్నా వారానికోసారి బొగ్గును పటికలో నానబెట్టాలి. ఎవరు చేస్తారు? చివరికి 1970లలో నాగపూర్‌లోని నీరి సంస్థ పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడరు నేరుగా నీళ్ళలో కలిపి తేర్చే పద్ధతి తెచ్చింది. దానికి నల్గొండ పద్ధతి అని పేరు. బొగ్గు పక్కకు తప్పుకుంది. ఈ లెక్క మేము కావాలనే వివరంగా రాశాం. వ్యర్థం నుంచి బంగారం అనే మాటలు సభల్లో వినడానికి బాగుంటాయి, కిలోకు ఎన్ని లీటర్లు అన్న ప్రశ్న మాత్రం ఎవరూ వేయరు. మన పిల్లలు ఆ ప్రశ్న వేయడం నేర్చుకోవాలి.

మన గెడ్డల్లో ఊటల్లో ప్రధానమైన సమస్య ఫ్లోరైడ్ కాదు, బురద, సూక్ష్మజీవులు. వానలు మొదలవగానే వచ్చే వాంతులు, విరేచనాలు అందరికీ తెలుసు. ఇక్కడ బొగ్గు గురించి ఒక నిజం గట్టిగా చెప్పాలి. బొగ్గు క్రిములను చంపదు. ఎంత మంచి యాక్టివేటెడ్ కార్బన్ అయినా చంపదు. పైగా పాతబడిన బొగ్గు ఫిల్టరులో క్రిములు కాపురం పెడతాయి. మూడు కుండల పాఠం చెప్పే ఉపాధ్యాయులు చివర్లో 'ఈ నీళ్ళు కాచే తాగాలి' అన్న వాక్యం కలపకపోతే ఆ పాఠం వల్ల మేలు కంటే కీడే ఎక్కువ. నీళ్ళు తేటగా కనిపించడం వేరు, తాగడానికి పనికిరావడం వేరు.

ఇప్పుడు జీడి తొక్క. జీడిమామిడి మన చెట్టు కాదు. బ్రెజిల్ నుంచి పోర్చుగీసువాళ్ళు 16వ శతాబ్దంలో మన దేశపు పడమటి తీరానికి తెచ్చారు. మన్యానికి వచ్చింది చాలా ఆలస్యంగా. పోడు కొండల్లో తోటలు వేయించే పథకాలతో ఊళ్ళలోకి బాగా పాకింది. ఎగువన చింతపల్లి, పాడేరు వైపు కాఫీ ఎలాగో, కాస్త దిగువన వెచ్చగా ఉండే కొయ్యూరుకు జీడి అలాగ. రైతులు పిక్కను పిక్కగానే అమ్ముతారు. 80 కిలోల బస్తా లెక్కన ధర. బస్తాలో పప్పు నాలుగో వంతుకు అటూ ఇటూ. మిగిలిన బరువులో ఎక్కువ భాగం తొక్కే, దాదాపు 55 కిలోలు. ఆ తొక్కకు మనకు వేరే ధర లేదు, అది పిక్కతోపాటు ఉచితంగా కొండ దిగిపోతుంది.

కొన్నవాడికి అది ఉచితం కాదు. జీడి తొక్కలో నల్లటి, చర్మం పొక్కించే నూనె ఉంటుంది. దాన్ని పిండి రంగుల్లో, రెజిన్లలో, వాహనాల బ్రేకు లైనింగుల్లో వాడతారు. నూనె పోయిన పిప్పి బాయిలర్లలో ఇంధనం. ఆ పిప్పిని కాల్చిన బొగ్గుతో యాక్టివేటెడ్ కార్బన్ చేయవచ్చని ప్రయోగశాలలు చూపించాయి. శ్రీకాకుళం జిల్లా పలాసలో జీడి పరిశ్రమ ఎంత పెద్దదో తెలిసిందే. అక్కడ పిక్క కొట్టే ఆడవాళ్ళ చేతులు చూస్తే ఆ నూనె ఏం చేస్తుందో అర్థమవుతుంది. ఆముదమో బూడిదో రాసుకుని కొట్టినా వేళ్ళు నల్లబడతాయి, పొక్కుతాయి. అందుకే పచ్చి తొక్కను డ్రమ్ములో వేసి ఇంటి వెనక కాల్చి చూద్దామని ఎవరూ అనుకోవద్దు. ఆ పొగ కళ్ళకూ ఊపిరికీ మంచిది కాదు. ముందు నూనె పిండాలి, తర్వాతే కాల్చాలి.

ఇక కొయ్యూరులోనే యాక్టివేటెడ్ కార్బన్ చేయవచ్చా అన్న మాట. కొబ్బరి చిప్ప లెక్క చూడండి. 100 కిలోల చిప్ప కాలిస్తే 25 నుంచి 30 కిలోల బొగ్గు. ఆ బొగ్గును ఆవిరితో తొలిస్తే మూడు కిలోలకు ఒక కిలో చొప్పున సరుకు. అంటే వంద కిలోలకు పది కిలోలు. వెయ్యి డిగ్రీల కొలిమి, బాయిలరు, రోజంతా కరెంటు కావాలి. ఒక ఊరికి అది అయ్యే పని కాదని మా అభిప్రాయం. మందుతో చేసే రెండో దారి చూడటానికి చవక. చిన్న షెడ్డులో కూడా అవుతుంది. దాని మీదే మా అభ్యంతరం. జింకు క్లోరైడు కడిగిన నీళ్ళు ఎక్కడికి పోతాయి? గెడ్డలోకే. కాఫీ పండు తొక్క తీసిన నీళ్ళు గెడ్డలో కలిస్తేనే ఆ నీళ్ళు పులిసి కంపు కొట్టడం ఎగువ ఊళ్ళవాళ్ళు చూశారు. నీళ్ళు శుభ్రం చేసే సరుకు కోసం నీళ్ళు పాడుచేసుకోవడం తెలివైన పని కాదు.

మధ్య దారి ఒకటి ఉంది. మొదటి దశ ఇక్కడ, రెండో దశ పెద్ద యూనిట్లో. పిక్క ఇక్కడే కొట్టుకుంటే పప్పూ తొక్కా రెండూ మన చేతిలో ఉంటాయి. 2018లో మొదలైన వన్‌ధన్ వికాస కేంద్రాల ఉద్దేశం అటవీ సరుకును ఇలా ఊళ్ళోనే శుద్ధి చేసి అమ్ముకోవడమే. తొక్క నూనె పిండే చోట, పిప్పిని మూత ఉన్న కొలిమిలో బొగ్గు చేస్తే బరువు మూడో వంతుకో నాలుగో వంతుకో తగ్గుతుంది, లారీ కిరాయి తగ్గుతుంది. అమ్మేది చెత్త కాక సరుకు అవుతుంది. కమ్మరి కుటుంబాలకు ఈ పనిలో మొదటి పిలుపు రావాలని మేమంటాం. గాలి ఎప్పుడు వదలాలి, ఎప్పుడు మూయాలి అన్నది వాళ్ళ పాత విద్య.

వ్యర్థం అన్న మాట గురించి కూడా ఒకటి చెప్పుకోవాలి. దిగువవాళ్ళకు వ్యర్థంగా కనిపించేది మన ఇంట్లో చాలాసార్లు వ్యర్థం కాదు. చోడి గడ్డి పశువు తింటుంది. మొక్కజొన్న కండె పొయ్యిలో మండుతుంది. ఊక బూడిద పెంట గుట్టలో కలిసి పొలానికి పోతుంది. రేపు ఎవరైనా వచ్చి కిలోకు రెండు రూపాయలిచ్చి ఇవన్నీ పట్టుకుపోతామంటే, ఆ వేసవిలో పశువు ఏం తినాలి, పొయ్యిలోకి ఏం కావాలి అన్న లెక్క ముందు ఇంటి ఆడవాళ్ళతో వేయించాలి. జీడి తొక్క సంగతి వేరు. దాన్ని పశువు తినదు, పొలం ఒప్పుకోదు, పొయ్యిలో వేస్తే ఇల్లంతా ఘాటు. అందుకే మేము దాన్నే ఎంచుకున్నాం.

బొగ్గు తరలించేవాళ్ళు చట్టం సంగతి మరచిపోకూడదు. 1927 భారత అటవీ చట్టం అటవీ ఉత్పత్తుల వరుసలో కలప తర్వాత రాసిన మాటే బొగ్గు. అది అడవి నుంచి వచ్చినా రాకపోయినా సరే అటవీ ఉత్పత్తే అంటుంది. మన ప్రాంతంలో నడిచింది ఆ చట్టం కాదు, 1882 మద్రాసు చట్టం, దాని స్థానంలో 1967 ఆంధ్రప్రదేశ్ అటవీ చట్టం. అయినా చెక్‌పోస్టు దగ్గర బొగ్గు బస్తా కనబడితే మొదటి అనుమానం అడవి మీదికే పోతుంది. 2006 అటవీ హక్కుల చట్టం వెదురు, తేనె, మైనం, ఆకు, దుంప వంటి చిన్న తరహా అటవీ ఉత్పత్తుల మీద మనకు యాజమాన్యం ఇచ్చింది. ఆ వరుసలో బొగ్గు పేరు లేదు. సొంత తోట జీడి తొక్కతో చేసిన బొగ్గయినా సరే, గ్రామసభ తీర్మానం కాగితం, అటవీ శాఖ నుంచి రాతపూర్వకమైన మాట చేతిలో పెట్టుకునే బస్తా బండికెత్తాలి. చెట్టు కొట్టి బొగ్గు చేసే పనికి ఈ వ్యాసాన్ని అడ్డం పెట్టుకుంటే మేము ఒప్పుకోం.

ఉపాధ్యాయులకు చివరగా ఒక పని. బొగ్గు కొనేవాడు దాన్ని రంగు చూసి కొనడు, అయొడిన్ సంఖ్య అడుగుతాడు. ఒక గ్రాము బొగ్గు ఎన్ని మిల్లీగ్రాముల అయొడిన్‌ను పట్టుకుంటుందన్నదే ఆ సంఖ్య. నీళ్ళ ఫిల్టర్లలో వాడే మంచి రకానికి అది 900 పైన ఉంటుంది, మామూలు బొగ్గుకు అందులో చిన్న వంతు. తూచిన బొగ్గుపొడిని తెలిసిన బలం ఉన్న అయొడిన్ ద్రావణంలో కలిపి, ఊపి, వడకట్టి, మిగిలిన అయొడిన్‌ను సోడియం థయోసల్ఫేట్‌తో కొలవాలి. సూచికగా గంజి. పొయ్యి బొగ్గు, ఊక బొగ్గు, కొబ్బరి చిప్ప బొగ్గు, పాత ఫిల్టరు కాకుండా కొత్త ఫిల్టరులోని గింజలు, ఈ నాలుగింటినీ వరుసగా పరీక్షిస్తే పాతిక సెంట్ల మాట పిల్లలు కళ్ళారా చూస్తారు. దీనికి కావలసిన బ్యూరెట్, పిపెట్, అయొడిన్, గంజి జూనియర్ కాలేజీ రసాయన ల్యాబులో దొరికేవే.